లండన్‌లో మెట్ల మొక్కు

మా అమ్మాయి చెప్పింది చాలా స్పష్టంగా. “నాన్నా, మీరు కవెంట్ గార్డెన్ దాకా రైల్లో రావద్దు. దానికి ముందు స్టేషన్ లెస్టర్ స్క్వేర్. అక్కడ దిగి నడిచి వచ్చేయండి. అయిదు నిమిషాలు. నేను కవెంట్ గార్డెన్ స్టేషన్ బయట నిలబడి ఉంటాను.”

ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. ఏడో తరగతి పిల్లవాడికైనా అర్థమవుతుంది. నేను విద్యుత్ శాఖలో 33 ఏళ్ళు పనిచేసి ఏడీఈగా, అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరుగా, రిటైరైనవాణ్ణి. అందుకే అర్థం కాలేదు.

అమ్మాయి వాళ్ళు ఉండేది హౌన్స్‌లోలో. హీత్రూ విమానాశ్రయం పక్కనే. పెరట్లో నిలబడి తల పైకెత్తితే విమానాలు చక్రాలు చాచుకుని నెత్తిమీదుగా పోతుంటాయి. మా ఆవిడ తీగ మీద బట్టలు ఆరేస్తూ, తోక చూసి, “ఇది మనవాళ్ళదే” అని లెక్క పెట్టుకునేది. నాకు అంతకంటే గొప్ప కాలక్షేపం దొరికింది. స్టేషన్లో ఉచితంగా ఇచ్చే అండర్‌గ్రౌండ్ మ్యాపు, అంటే లండన్ భూగర్భ రైళ్ళ మ్యాపు.

ఆ మ్యాపు చూడగానే నాకు మా సబ్‌స్టేషన్ గుర్తొచ్చింది. అన్నీ తిన్నని గీతలు. నిలువు, అడ్డం, లేదంటే సరిగ్గా 45 డిగ్రీల ఏటవాలు. ఒక్కో లైనుకు ఒక్కో రంగు. నా ఊహ తప్పు కాదు. దాన్ని గీసిన హ్యారీ బెక్ అక్కడి రైళ్ళ సిగ్నల్స్ విభాగంలో పనిచేసిన డ్రాఫ్ట్స్‌మన్. కరెంటు సర్క్యూట్ బొమ్మలా గీసి చూపిస్తే పైవాళ్ళు ముందు వద్దన్నారట. తర్వాత 1933లో జేబు మ్యాపుగా అచ్చేస్తే జనం ఎగబడి తీసుకున్నారు. మనలాంటి వాడు గీశాడు, మనకు తెలియనిది ఏముంటుందని అనుకున్నాను. సర్క్యూట్ బొమ్మలో తీగ ఏది దేనికి కలుస్తుందో ఉంటుంది గాని, ఎంత పొడవో ఉండదు. ముప్పయ్యేళ్ళు జూనియర్లకు ఈ మాట చెప్పినవాణ్ణి, ఆ రోజు నాకు నేను చెప్పుకోలేదు.

ముందు రోజు రాత్రే మ్యాపు పరిచి చూశాను. కవెంట్ గార్డెన్‌కు ముందున్న స్టేషన్ పేరు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివితే ‘లైసెస్టర్’ అని వచ్చింది. లెస్టర్ అనేది లేదు. పైనుంచి కిందికి, కింది నుంచి పైకి వెతికాను. లేదు.

“అమ్మాయి పొరబడింది” అన్నాను.

“అది ఇక్కడ ఆరేళ్ళుగా ఉంటోందండీ” అంది మా ఆవిడ.

“ఉంటే? మ్యాపు అబద్ధం చెప్పదు కదా. పైగా ఒక స్టేషన్ దూరం నడిచి రమ్మంటోంది. మన మెట్రోలో ఒక స్టేషన్ అంటే ఎంతో తెలుసా? దాదాపు కిలోమీటరు. ఈ చలిలో నీ మోకాళ్ళతో నడిపిస్తానా?”

మా ఆవిడ మోకాళ్ళ మీద నాకున్న శ్రద్ధ ఎప్పుడూ ఇలాంటి సందర్భాల్లోనే బయటపడుతుంది.

బయల్దేరే ముందు అల్లుడు ఇంకో పాఠం చెప్పాడు. మా ఆవిడకు నీలం రంగు ఆయిస్టర్ కార్డు, అంటే ముందే డబ్బు వేసి ఉంచుకునే రైలు కార్డు, ఇచ్చాడు. నాకు తన బ్యాంకు కార్డు ఇచ్చి, అదే కార్డును తన పాత ఫోన్లో కూడా ఎక్కించి అదీ చేతిలో పెట్టాడు, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని. “మామయ్యగారూ, ఒక్క సంగతి. ఎక్కేటప్పుడు గేటు దగ్గర దేన్ని తాకిస్తారో దిగేటప్పుడూ దాన్నే తాకించాలి. కార్డయితే కార్డు, ఫోనయితే ఫోను. ఖాతా ఒకటే అయినా ఆ గేటుకు రెండూ వేర్వేరు మనుషులు.” సరే నాయనా అన్నాను. 11 కేవీ లైన్ల దగ్గర పనిచేసినవాడికి కార్డు తాకించడం నేర్పుతున్నాడు!

హౌన్స్‌లో సెంట్రల్లో కార్డు తాకించి ఎక్కాం. రైలు చిన్నది, సొరంగానికి తగ్గట్టు పైన గుండ్రంగా ఉంటుంది, పొడుగువాళ్ళు తలుపు దగ్గర మెడ వంచి నిలబడాల్సిందే. భూగర్భ రైలు అని నేను చేసిన వర్ణన విని వచ్చిన మా ఆవిడ, కిటికీలోంచి ఇళ్ళ పెరళ్ళు, ఆపిల్ చెట్లు, ఎవరి గోడ మీదో పిల్లి కనబడేసరికి నా వైపు అదోలా చూసింది. నిజానికి లండన్ అండర్‌గ్రౌండ్ సగానికి పైగా నేల మీదే నడుస్తుంది. మా రైలు కూడా బారన్స్ కోర్ట్ దాటాకే సొరంగంలో దూరింది.

దూరాక గ్లాస్టర్ రోడ్ వచ్చింది. గోడ మీద పేరు చదివితే ‘గ్లౌసెస్టర్’ అని ఉంది, రైల్లో చెప్పే గొంతేమో ‘గ్లాస్టర్’ అంది. నడుమ అక్షరాలు మింగేసింది. రాసింది రాసినట్టు చదివే జాతిలో పుట్టినవాళ్ళకు ఇది ఎంత యాతనో చూడండి. మన ‘క’కు ఎక్కడైనా ‘క’ అనే విలువ. వీళ్ళు అయిదు అక్షరాలు రాసి రెండు పలికి, మిగతావి అతిథులను పరీక్షించడానికి ఉంచుతారు. ఇంత ఆలోచించిన నేను, గ్లౌసెస్టర్ గ్లాస్టర్ అయితే లైసెస్టర్ ఏమవుతుందని ఆ పక్క మాట మాత్రం ఆలోచించలేదు.

పికడిల్లీ సర్కస్ తర్వాత ఆ స్టేషన్ రానే వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. పెట్టెలో సగం మంది దిగారు.

“ఏమండీ, అందరూ దిగుతున్నారు.”

“అందరూ దిగితే మనమూ దిగాలా? ఇది లైసెస్టర్.”

“ఇప్పుడా గొంతు లెస్టర్ అన్నట్టు వినబడింది.”

“రైలు చప్పుడులో నీకు అలా వినబడింది.”

తలుపులు మూసుకున్నాయి. రైలు కదిలింది. నేను కళ్ళజోడు తీసి, రుమాలుతో తుడిచి, తిరిగి పెట్టుకునే లోపు బ్రేకులు పడ్డాయి. కవెంట్ గార్డెన్! రైలు వేగం అందుకోనే లేదు. రెండు స్టేషన్ల మధ్య దూరం దాదాపు 260 మీటర్లని, అండర్‌గ్రౌండ్ మొత్తంలో పక్కపక్క స్టేషన్ల మధ్య ఇంత తక్కువ దూరం ఇంకెక్కడా లేదని రాత్రి అన్నం తింటూ అల్లుడు చెప్పాడు. మా వీధి చివర పాలబూత్‌కు అంతకంటే దూరం. మ్యాపులో మాత్రం బొటనవేలంత ఎడం ఉంటుంది, మిగతా స్టేషన్లకు ఉన్నట్టే.

కవెంట్ గార్డెన్‌లో దిగితే తెలిసింది, మా అమ్మాయి వద్దన్నది ఎందుకో. 1907లో తెరిచిన స్టేషన్ అది. పైకి పోవడానికి ఎస్కలేటర్ లేదు. లిఫ్టులే. వాటి ముందు జనం శ్రావణ శుక్రవారం అమ్మవారి గుడి ముందు నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు. లిఫ్టు వచ్చి నోరు తెరిచి కొందరిని మింగి పోయింది. మళ్ళీ వచ్చింది, మింగింది. మేము రెండడుగులు జరిగాం.

పక్కన మెట్ల దారి ఖాళీగా ఉంది. దాని దగ్గర ఒక హెచ్చరిక బోర్డు. మెట్లు 193 ఉన్నాయని, అత్యవసరమైతే తప్ప వాడవద్దని సారాంశం. ఇది పదిహేను అంతస్తుల భవనం ఎక్కడంతో సమానమని మైకులో కూడా చెబుతున్నారు. దయగల జనం, అంతకంటే ఎవరు చెబుతారు?

“193 మెట్లట” అన్నాను నవ్వుతూ. “అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కినవాణ్ణి.”

“అది 1998లో. అప్పుడు మీకు పొట్ట లేదు” అంది మా ఆవిడ. “నేను లిఫ్టులో వస్తాను. పైన కలుద్దాం.”

మొదటి ముప్పై మెట్లు హుషారుగా ఎక్కాను. గుండ్రంగా తిరిగే మెట్లు. అలిపిరిలో అయితే పక్కన చెట్లుంటాయి, జింకలుంటాయి, మజ్జిగ అమ్మేవాళ్ళుంటారు, గాలిగోపురం అల్లంత దూరాన కనబడి ఆశ పెడుతుంది. ఇక్కడ ఏముంది? గోడ. తిరిగితే మళ్ళీ గోడ. దిగుడుబావిలో పడినవాడు పైకి పాకుతున్నట్టు ఉంది. ఒంటి మీద బనియను, చొక్కా, స్వెట్టరు, దాని మీద అల్లుడి కోటు, తల మీద మంకీ క్యాపు. డెబ్బయ్యో మెట్టు దగ్గర క్యాపు తీశాను. తొంభై దగ్గర కోటు గుండీలు విప్పాను. నూట పన్నెండు దగ్గర లెక్క తప్పింది. తిరుమల దారిలో మోకాళ్ళ పర్వతం ఎందుకంటారో అప్పుడు మళ్ళీ తెలిసింది. ఎవరూ లేరు కదా అని గట్టిగానే “గోవిందా” అన్నాను. ఆ బావిలో అది నాలుగుసార్లు తిరిగి వచ్చింది.

ఎవరూ లేరనుకున్నది నేనే. వెనకాల ఒక దొరల కుర్రాడు, వీపున గిటారు, రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చి ఆగాడు. బాగానే ఉన్నారా అని అడిగాడు. దివ్యంగా ఉన్నానన్నట్టు చెయ్యి ఊపాను. మాట్లాడే ఊపిరి లేదు. వాడు వెళ్ళిపోయాడు, పైన వాడి అడుగుల చప్పుడు చాలాసేపు వినబడుతూనే ఉంది. ఇంకా అంత ఉందన్నమాట.

పైకి వచ్చేసరికి నా కళ్ళ ముందు గేట్లు రెండు రెండుగా కనబడ్డాయి. గేటు అవతల మా ఆవిడ. పక్కన మా అమ్మాయి. ఇద్దరి చేతుల్లోనూ పొగలు కక్కే కాగితం కప్పులు. లిఫ్టుకు మూడు వాయిదాలు ఆగి, పైకొచ్చి, బిడ్డను కలిసి, కాఫీ కొనుక్కుని సగం తాగేసింది.

కార్డు చొక్కా జేబులో ఉంది. దాని మీద స్వెట్టరు, దాని మీద కోటు. వెనక జనం. చెయ్యి పెట్టి తడుముకుంటే కోటు జేబులో ఉన్న ఫోను చేతికి తగిలింది. తీసి తాకించాను. గేటు మర్యాదగా తెరుచుకుంది. అల్లుడి పాఠం గుర్తు రావడానికి మెదడుకు గాలి అందాలి కదా.

“నాన్నా, లెస్టర్ స్క్వేర్‌లో దిగమన్నాను కదా!”

“ఆ పేరుతో స్టేషన్ లేదమ్మా” అన్నాను, కప్పు అందుకుంటూ.

అమ్మాయి ఏమీ అనలేదు. భోజనానికి తీసుకువెళ్తానంటూ నడిపించింది. రెండు సందులు తిరిగామో లేదో ఎదురుగా ఇంకో స్టేషన్. నెత్తిన అదే పేరు, అయిదారు అక్షరాలు వృథాగా మెరుస్తూ. నా చేతిలో కాఫీ ఇంకా చల్లారలేదు.

ఆ రోజుకు అంతటితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు పొద్దున అల్లుడు ఫోన్లో ఏదో చూస్తూ, గొంతు బాగా తగ్గించి, “మామయ్యగారూ, నిన్న మీరు బయటికి వచ్చేటప్పుడు ఫోను తాకించారా?” అన్నాడు. కార్డు పుచ్చుకుని హౌన్స్‌లోలో ఎక్కిన పెద్దమనిషి ఇంకా రైల్లోనే ఉన్నాడట. కవెంట్ గార్డెన్‌లో ఫోనుతో దిగిన పెద్దమనిషి అసలు ఎక్కడా ఎక్కలేదట. ఇద్దరికీ చెరొక గరిష్ఠ ఛార్జీ పడింది. అర్జీ పెట్టుకుంటే తిరిగి ఇస్తారని అల్లుడు నన్ను ఊరడించాడు.

మా ఆవిడ ఆ సమయంలో మా అక్కయ్యతో ఫోన్లో మాట్లాడుతోంది.

“ఆ, బాగానే చూశాం వదినా. మీ తమ్ముడుగారు ఇక్కడ కూడా మెట్లెక్కారు. గోవింద కొట్టుకుంటూనే ఎక్కారట. పైకి రాగానే నిలువుదోపిడీ కూడా ఇచ్చేశారు. ఇక గుండు ఒక్కటే బాకీ.”

నేను అప్రయత్నంగా తల తడుముకున్నాను. ఆ బాకీ పదిహేనేళ్ళ కిందటే దానంతట అదే తీరిపోయింది.