ఇమిగ్రేషన్ క్యూ గారికి ఒక దణ్ణం

క్యూ గారూ,

మీకు నేను గుర్తుండను. పోయిన వేసవిలో అమెరికాలో ఒక ఎయిర్‌పోర్టులో, కాళ్ళు వాచిపోయి, చేతిలో రెండు పాస్‌పోర్టులు పట్టుకుని మీ పాము మెలికల్లో రెండు గంటలు నడిచిన ముసలాణ్ణి. నడిచానంటే నడవలేదనుకోండి, ఒక అడుగేసి అయిదు నిమిషాలు ఆలోచించుకున్నాను.

మా అబ్బాయి ముందే చెప్పాడు, నాన్నా వీల్‌చైర్ పెట్టించుకోండి, అందరూ అదే చేస్తారు అని. నిక్షేపంలాంటి కాళ్ళుండగా కుర్చీలో తోయించుకోవడమేంటని నేనే వద్దన్నాను. దోహాలో డ్యూటీ ఫ్రీ షాపులన్నీ చకచకా చుట్టబెట్టిన ఒక పెద్దావిడ, ఇక్కడ దిగగానే కుర్చీలో కూర్చుని, "ఉంటానండీ వదినగారూ" అని మా ఆవిడకి చెయ్యూపుతూ మా పక్కనుంచే వెళ్ళిపోయింది. ఆ సంగతి ఇప్పటికీ మా ఇంట్లో రోజుకోసారి వినబడుతుంది.

మీలో ఒక సుఖముంది, కాదనను. ప్రతి మలుపులోనూ అదే ఎర్ర స్వెట్టరాయన ఎదురొచ్చేవాడు. మొదటి మలుపులో తలలూపుకున్నాం, మూడోదానికి ఆయనది తెనాలి అని తేలింది, ఆరోదానికి వాళ్ళ వియ్యంకుడూ మా తోడల్లుడూ ఒకే ఆఫీసని బయటపడింది. ఇంకో నాలుగు మలుపులుంటే తాంబూలాలు కూడా పుచ్చుకునేవాళ్ళం.

కౌంటర్లు 22, మనుషులున్నవి 5. అందులో ఒకాయన మేం దగ్గరికొచ్చేసరికి లైటార్పి లేచి వెళ్ళాడు. ఫోన్లో ముందే వివరాలు నింపుకునే యాప్ ఉందంటే ఆశపడ్డాను, తీరా అది అక్కడి పౌరులకీ, గ్రీన్‌కార్డు వాళ్ళకీ, ఇంకొందరికీనట, మన టూరిస్టు వీసాకి పనిచెయ్యదు. ముందే తనిఖీ చేయించుకుని మిమ్మల్ని తప్పించుకునే గ్లోబల్ ఎంట్రీ అనే పథకానికైతే 120 డాలర్లు, దరఖాస్తు, ఇంటర్వ్యూ. అంటే మీ దగ్గర నిలబడకుండా ఉండటానికి ఇంకోచోట నిలబడాలన్నమాట! బయట అబ్బాయి టెన్షన్ పడుతుంటాడు, ఇక్కడ ఫోన్ తీయకూడదని బోర్డు. తిరుమల కంపార్టుమెంట్లో కూర్చోబెడితే పాలైనా ఇస్తారండీ.

ఎట్టకేలకు మా వంతొచ్చింది. నాలుగు వేళ్ళు పెట్టమన్నారు, తర్వాత బొటనవేలు. నలభై ఏళ్ళుగా అంట్లు తోమి, చింతపండు పిసికి అరిగిన మా ఆవిడ వేళ్ళు ఆ అద్దానికి ఒక పట్టాన ఆనలేదు, కొంగుతో తుడుచుకుని మూడుసార్లు పెట్టింది. 'హౌ లాంగ్' అనడిగితే 'సిక్స్ మంత్స్' అనాలని విమానంలో దారి పొడుగునా బట్టీ పట్టించాను.

ఆఫీసరు తలెత్తి "హౌ లాంగ్?" అన్నాడు.

మా ఆవిడ వెనక్కి తిరిగి మీ వంక ఒకసారి చూసి, "టూ అవర్స్" అంది.

ఇట్లు,
వీల్‌చైర్ వద్దన్న పెద్దమనిషి