ఒక్కరికి, ఒక్క రాత్రికి, ఒక సైకిల్‌కు చోటు

తిరుపతిలో బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, వాటి చుట్టూ వీధి వీధికీ లాడ్జీలు, మఠాలు, కులసత్రాలు. ఏ రాత్రి చూసినా వేలమంది ఈ ఊళ్లో నడుం వాలుస్తారు. అలాంటి ఊళ్లోనూ, దాని చుట్టుపక్కల చిత్తూరు వరకూ, సామాను కట్టిన సైకిల్‌తో ఒంటరిగా వచ్చిన మనిషికి రాత్రికి గది దొరకడం గగనంగా ఉంది. ఇది మారాలి. మార్చడానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. అందుకే ఇంత కోపంగా రాస్తున్నాను.

నేను తిరుపతి మనిషిని, నలభై దాటిన ఆడదాన్ని. సెలవులు దొరికితే సైకిల్ మీద దూరాలు వెళ్లడం నాకిష్టం. క్యారియర్‌కు రెండు పక్కలా సంచులు, హ్యాండిల్‌కు ఒక చిన్న సంచి, నీళ్ల సీసాలు. బెంగళూరు నుంచి ఇంటికి వచ్చినా, కడప వైపు వెళ్లినా, వేలూరు మీదుగా తమిళనాడులోకి దిగినా దారిలో ఎండ, ఎదురుగాలి, పంక్చర్లు తప్పవు. వాటికి సిద్ధపడే బయలుదేరుతాం. సాయంత్రం నాలుగు దాటాక మొదలయ్యే గుబులు వేరు. ఈ రాత్రి ఎక్కడ?

లాడ్జి కౌంటర్లలో నేను ఎక్కువగా విన్న మాట, "సింగిల్‌కు ఇవ్వమమ్మా, ముందు ఊళ్లో చూసుకోండి." ఆ ముందు ఊరు ఎంత దూరమో చెప్పేవారికి పట్టదు. కారులో ఉన్నవారికి నలభై కిలోమీటర్లంటే ముప్పావు గంట. బరువు కట్టిన సైకిల్ గంటకు పదిహేను కిలోమీటర్లు పోతే గొప్ప. అప్పటికే ఎనభై, తొంభై కిలోమీటర్లు తొక్కిన కాళ్లతో ఇంకో మూడు గంటలు తొక్కాలి. డిసెంబరులో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. పలమనేరులో ఆ మాట అన్నారనుకోండి, చిత్తూరు చేరాలంటే మొగిలి ఘాట్ దిగాలి. లారీలు బ్రేకులు పట్టుకుంటూ, లైట్లు కళ్లలో కొడుతూ దిగే దారి అది. పైగా ఆ చుట్టుపక్కల కౌండిన్య అభయారణ్యం ఏనుగులు రాత్రిళ్లు పొలాల మీదికి, రోడ్ల మీదికి వస్తుంటాయి. పీలేరులో అదే మాట అంటే, తిరుపతికి మధ్యలో భాకరాపేట ఘాట్ ఉంది. సైకిల్ మనిషిని ముందు ఊరికి పొమ్మనడమంటే చీకట్లో ఘాట్ రోడ్డు మీదికి తోలడమే.

ఒంటరివారికి గది ఎందుకివ్వరో నాకు తెలుసు. లాడ్జి గదుల్లో ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు మనమంతా చదివినవే. ఆ తర్వాత యజమానులు పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ చెమటతో తడిసి, ఆకలితో, రేపటి దారి గురించి అడుగుతూ, సైకిల్‌కు ఎక్కడ తాళం వేయాలని వెతుక్కుంటున్న మనిషిని చూసి కూడా అదే అనుమానపడితే ఎలా? ఆధార్ తీసుకోండి. అడ్వాన్సు రెట్టింపు అడగండి. ఇంటికి ఫోన్ చేయించి మీరే మాట్లాడండి. ఒక యజమాని నా విషయంలో సరిగ్గా ఇలాగే చేశారు. మా ఆయనతో రెండు నిమిషాలు మాట్లాడి తాళం నా చేతికిచ్చారు. భర్త అనుమతి అడిగినట్టుందని మనసు చివుక్కుమంది, మగవాడు వస్తే భార్యకు ఫోన్ చేస్తారా అనిపించింది. అయినా ఆయన తలుపు మూయలేదు, దారి వెతికారు. ఆ గౌరవం ఆయన మీద నాకు ఉంది.

తిరుమల కొండ మీద కూడా ఒంటరిగా వచ్చినవారికి గది కేటాయించరు. కానీ వారికోసం యాత్రికుల వసతి సముదాయాల్లో హాళ్లు, లాకర్లు ఉచితంగా ఉన్నాయి. అది గొప్ప ఏర్పాటు. గది కాదన్న చోటే మరో చోటు చూపించారు. కింద ఊళ్ల లాడ్జీలు కాదనడం మాత్రం నేర్చుకుని, చోటు చూపించడం వదిలేశాయి.

గది ఇస్తామన్నవారు కూడా సైకిల్ దగ్గర ఆగిపోతారు. "సెల్లార్‌లో పెట్టండమ్మా, వాచ్‌మన్ ఉంటాడు, ఏమీ కాదు." ఆ సెల్లార్ ఎలా ఉంటుందో చెబుతాను. నీళ్ల మోటారు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, మడిచి పడేసిన షామియానా, కార్లలో పడుకున్న డ్రైవర్లు. వాచ్‌మన్ పదకొండుకల్లా నిద్రపోతాడు, ఆయన పగలంతా అక్కడే పనిచేసి ఉంటాడు. దూరప్రయాణాల సైకిల్‌కు చక్రాలు, సీటు చేత్తో ఒక లివర్ తిప్పితే ఊడివస్తాయి. పంక్చరైతే దారిలో సులువుగా విప్పుకోవడానికి అలా అమర్చుతారు. దొంగకూ అంతే సులువు. దొంగ రాకపోయినా, వింతగా చూడటానికి వచ్చినవారు హ్యాండిల్ మీది గేర్ లివర్లను టకటకా నొక్కి చూస్తారు. ఆగి ఉన్న సైకిల్ మీద నొక్కితే కేబుల్ కదులుతుంది కానీ చైను మారదు. తెల్లవారి సంచులు కట్టుకుని మొదటిసారి పెడల్ మీద కాలు వేయగానే ఆ నొక్కుళ్లన్నీ ఒక్కసారిగా పనిచేస్తాయి. చైను పళ్ల మీద నుంచి ఎగిరి స్పోకుల్లో ఇరుక్కుంటుంది. నాకు అలాగే జరిగింది. ఒక లాడ్జి సెల్లార్ ముందు ఇంకా తెల్లవారకముందే రోడ్డు మీద కూర్చుని, ఫోన్ వెలుగులో, చేతులు నల్లగా చేసుకుని ఇరుక్కున్న చైనును కొంచెం కొంచెంగా లాగాను. ముందు లైటు, గాలి పంపు అప్పటికే మాయమయ్యాయి. కౌంటర్‌లో చెబితే "మేం బాధ్యులం కాము" అన్న బోర్డు చూపించారు.

సైకిల్‌కు కావలసింది ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చోటు. మెట్ల కింద, కౌంటర్ వెనక, దుప్పట్లు దాచే గదిలో, ఎక్కడైనా సరే. తలుపుకు తాళం ఉండాలి, అంతే. గదిలోకి తీసుకెళ్తానంటే టైల్స్ పాడవుతాయంటారు. కింద పరచడానికి నా సంచిలో ఎప్పుడూ ఒక పాత దుప్పటి ఉంటుంది, అది చూపించినా వినరు.

డేరా వేసుకోవచ్చు కదా అని విదేశీ యాత్రికుల వీడియోలు చూసినవారు అడుగుతారు. ఈ నేల మీద అది కుదిరే పని కాదు. శేషాచలం అడవుల అంచున రాత్రిపూట డేరా కనిపిస్తే, ఎర్రచందనం దొంగల కోసం గస్తీ తిరిగే సిబ్బంది ముందు అనుమానితులుగానే చూస్తారు. అలా చూడటం వారి ఉద్యోగం. చిత్తూరు చుట్టూ మామిడితోటలు. జూన్, జూలై నెలల్లో తోతాపురి కోతల కాలంలో తోటలకు కావలి ఉంటుంది. చెట్టు కింద పడుకున్న మనిషి కావలివాడి టార్చి వెలుగుకు ఎలా కనిపిస్తాడో ఊహించండి. ఇక మిగిలింది పెట్రోలు బంకులు. అక్కడ మరుగుదొడ్డి, తాగునీరు, టైర్లకు గాలి ఉచితంగా ఇవ్వాలన్న నియమం ఉంది, చాలాచోట్ల ఇస్తారు. బ్రెవే అనే, గడువు పెట్టి తొక్కే దూరపు సైకిల్ ప్రయాణాల్లో 600 కిలోమీటర్లను 40 గంటల్లో ముగించాల్సినవారు బంకులోనే గంట కునుకు తీసి లేస్తారు. లారీ డ్రైవర్ల పక్కన అలా వాలిపోయే స్వేచ్ఛ మగవారికి ఉంది. నాకు లేదు.

పల్లెలో చోటు అడగాల్సి వస్తే ఎక్కడ అడగాలో మాత్రం నాకు బాగా తెలుసు. సాయంత్రం పాల కేంద్రం దగ్గరికి వెళ్లాలి. క్యాన్లు, బిందెలు, స్టీలు డబ్బాలు పట్టుకుని ఆడవాళ్లు వరుసలో ఉంటారు. లోపల కుర్రాడు ఒక్కొక్కరి పాలలోంచి కాస్త తీసి మిషన్‌లో పెడతాడు, వెన్న శాతం ఎర్ర అంకెల్లో పడుతుంది, చీటీ చేతికొస్తుంది, ఆ అంకె మీద రోజూ ఒక వాదన జరుగుతుంది. సగం ఊరు అక్కడే ఉంటుంది. అక్కడ అడిగితే పదిమంది ఎదుట అడిగినట్టు, చోటిస్తామన్నవారు పదిమంది ఎదుట మాటిచ్చినట్టు. ఒంటరి ఆడమనిషికి అంతకన్నా భద్రత లేదు. పీలేరు దాటాక ఒక ఊళ్లో అలా అడిగితే ఒక పెద్దావిడ, "ఎక్కడి నుంచి తొక్కుకుంటూ వస్తున్నావమ్మా, అన్నం తిన్నావా?" అని ఒకే గుక్కలో అడిగి ఇంటికి తీసుకెళ్లారు. రాగి సంగటి, వేరుశనగ పచ్చడి, పెరుగు. మిద్దె మీద చాప. సైకిల్ ఆవుల కొట్టంలో. తెల్లవారుజామున ఆవిడ పాలు పితకడానికి లేచిన అలికిడికే నాకూ మెలకువ వచ్చింది. డబ్బు ఇవ్వబోతే కసిరారు.

ఇలాంటిది చెప్పగానే "మన పల్లెల మంచితనమే వేరు" అంటారు. దయచేసి అక్కడితో ఆపకండి. ప్రతి సాయంత్రం ఒక కొత్త కుటుంబం ముందు చేయి చాచి నిలబడటం నాకు ఇష్టం లేదు. గదికి ఇవ్వడానికి నా దగ్గర డబ్బుంది. పైగా ఆ మంచితనం అందరికీ ఒకేలా అందదు. నా ఇంటిపేరు విన్నాక మాట మార్చిన గడపలు కూడా చూశాను.

కులసత్రాల సంగతి అందుకే ఇక్కడ చెప్పాలి. తిరుపతిలోనూ శ్రీకాళహస్తిలోనూ అవి చాలా ఉన్నాయి. ఎవరి డబ్బుతో వారు తమవారి కోసం కట్టుకున్నారు, కాదనను. భోజనం, శుభ్రత చాలావాటిలో లాడ్జీలకన్నా మేలు. కానీ రాత్రి తొమ్మిదింటికి గదులు ఖాళీగా పెట్టుకుని, వానలో తడిసి గుమ్మంలో నిలబడ్డ మనిషిని ముందు కులం అడిగి పంపేయడాన్ని నేను ధర్మకార్యమని ఒప్పుకోను. కాలినడకన, ఎడ్లబండ్ల మీద యాత్రలు చేసే రోజుల్లో ఒక పూట ప్రయాణానికి ఒకటి చొప్పున బాటసారుల కోసం సత్రాలు కట్టించారు. తెల్లదొరలు తమ అధికారుల కోసం బంగళాలు కట్టిందీ అదే లెక్కతో. బస్సులు వచ్చాక మధ్య ఊళ్లలో ఆగేవారు తగ్గారు. వసతి అంతా క్షేత్రాలకు, పెద్ద పట్టణాలకు చేరిపోయింది. సైకిల్ మీద పోయేవారికి ఇప్పటికీ ఆ మధ్య ఊళ్లే కావాలి. బంగారుపాళ్యంలో, పాకాలలో, పుత్తూరులో, నగరిలో ఒక్క నమ్మకమైన గది ఉంటే ఈ ప్రాంతపు దారులన్నీ మాకు తెరుచుకుంటాయి.

విదేశీ సైక్లిస్టుల పాట్లు ఇంకో రకం. విదేశీయులకు బస ఇచ్చినవారు 24 గంటల్లోపు వారి వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. లాడ్జికే కాదు, ఇంట్లో అతిథిగా పెట్టుకున్నా అదే నియమం. ఆ పని తెలియని చిన్న లాడ్జీ "ఫారినర్స్‌కు లేదు" అనేస్తుంది. ఒకసారి ఖాతా తెరిచి పెట్టుకుంటే తర్వాత కొద్ది నిమిషాల పని.

ఇవన్నీ ఎక్కడా జరగనివి కావు. జర్మనీలో సైక్లిస్టుల సంఘం ఏడీఎఫ్‌సీ 1995లో "బెట్+బైక్" అన్న గుర్తింపు మొదలుపెట్టింది. ఆ బోర్డు కావాలంటే ఒక్క రాత్రికైనా గది ఇవ్వాలి, సైకిళ్లకు తాళం వేసే చోటు ఉండాలి, తడిసిన బట్టలు ఆరేసుకోనివ్వాలి, చిన్న మరమ్మతులకు పనిముట్లు ఉంచాలి. ఇప్పుడు అలాంటి బసలు వేలల్లో ఉన్నాయి. పెరూలోని త్రుహియోలో 1985 నుంచి ఒక కుటుంబం తమ ఇంటినే సైకిల్ యాత్రికుల విడిదిగా నడిపింది, అది చూసి దక్షిణ అమెరికాలో మరెన్నో ఇళ్లు తెరుచుకున్నాయి. సైక్లిస్టులు ఒకరికొకరు ఇంట్లో బస ఇచ్చుకునే "వార్మ్ షవర్స్" 1993లో మొదలైంది. మంచిదే, కానీ అందులో ఇల్లిచ్చేవారు నాకు మహానగరాల్లోనే దొరికారు. అక్కడ ఎలాగూ గది దొరుకుతుంది.

మనకు ఇది రాదని ఎవరైనా అంటే నేను నమ్మను. పెరటాసి నెలలో తమిళనాడు నుంచి గోవింద నామాలు చెప్పుకుంటూ నడిచివచ్చే వారికి దారి పొడవునా పందిళ్లు వేసి, మజ్జిగ ఇచ్చి, అన్నం పెట్టి, పడుకోవడానికి చోటు చూపించేది ఈ ఊళ్ల జనమే. అలిపిరిలో 3,550 మెట్లెక్కే భక్తుల సామాను ఉచితంగా తీసుకుని కొండ మీద భద్రంగా అప్పగిస్తున్నారు. ఆ కౌంటర్ పక్కనే సైకిళ్లకు తాళం వేసే ఒక గది పెట్టమని దేవస్థానాన్ని అడుగుతున్నాను. సైకిల్ మీద వందల కిలోమీటర్లు వచ్చిన భక్తుడు దాన్ని ఎక్కడ వదలాలో తెలియక దర్శనం మానుకుని తిరిగిపోకూడదు.

లాడ్జి నడిపేవారికి, ఖాళీ కల్యాణమండపం ఉన్నవారికి, పెట్రోలు బంకు పైన గదులున్నవారికి నా విన్నపం ఒకటే. ఒంటరిగా వచ్చినవారికి, ఆడవారికి కూడా, ఒక్క రాత్రికి గది ఇస్తామని, సైకిల్‌ను తాళం ఉన్న చోట పెట్టనిస్తామని అంటే కింద మీ ఊరి పేరు రాయండి. నేను స్వయంగా వచ్చి చూసి, ఊళ్లవారీగా పట్టీ తయారుచేసి అందరికీ పంచుతాను. పలమనేరు, పీలేరు నుంచి ముందు రాస్తే మరీ సంతోషం, ఘాట్‌లు ఉన్నది అక్కడే. తిరుపతిలో మా ఇంటి ముందు గది ఆడ సైక్లిస్టుల కోసం ఎప్పుడూ ఉంటుంది. ఒకరోజు ముందు చెప్పండి చాలు. సైకిల్ హాల్లోకే తెచ్చుకోవచ్చు.