ముందు డోలు, ఆ తర్వాతే అడుగు

అమెరికా, బ్రిటన్‌లలో ఏటా నల్లజాతి చరిత్ర మాసం రాగానే బడులకు కరీబియన్ దీవుల్లో ఆఫ్రికన్ సంతతివారు పెంచుకొచ్చిన ఆఫ్రో-కరీబియన్ నృత్యం గుర్తుకొస్తుంది. బయటి నుంచి ఒక శిక్షకురాలు వస్తుంది. స్పీకరులో పాట మోగుతుంది. పిల్లలు గంటసేపు నడుములు ఊపి, చెమటోడ్చి, ఉత్సాహంగా ఇంటికి పోతారు. పిల్లల సంతోషాన్ని మేము తప్పు పట్టడం లేదు. కానీ దానికి టెక్నిక్ బోధన అని పేరు పెట్టి, విద్యార్థులు ఒక కళను అభ్యసించారని నివేదికల్లో రాసుకోవడమే అభ్యంతరకరం. బాలే నేర్పుతున్నామని చెప్పి గంటసేపు పిల్లలను మునివేళ్ల మీద నిలబెట్టి పంపిస్తే ఏ తల్లిదండ్రులైనా ఊరుకుంటారా?

ఈ నృత్యానికి శాస్త్రం లేదని, ఒంట్లో సహజంగా పుట్టుకొచ్చే ఊపే చాలని అనుకోవడం ఒక పాత చులకన. దాన్ని చెరిపేయడానికి జీవితం ధారపోసిన వ్యక్తి అమెరికన్ నర్తకి కాథరిన్ డన్‌హామ్. షికాగో విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదువుతూ ఆమె 1935లో రోజెన్‌వాల్డ్ నిధి ఇచ్చిన ఉపకార వేతనంతో జమైకా, మార్టినిక్, ట్రినిడాడ్, హైతీ దీవులకు వెళ్లారు. జమైకా కొండల్లోని అకాంపాంగ్‌లో, తోటల యజమానుల చెర నుంచి తప్పించుకుని స్వతంత్రంగా బతికిన మరూన్ల వారసుల మధ్య గడిపారు. హైతీలో ఆఫ్రికన్ మూలాలున్న అక్కడి మతం వోడూలో దీక్షే తీసుకున్నారు. అక్కడ చూసిన కదలికలకు బాలే సాధననూ ఆధునిక నృత్యాన్నీ జోడించి, శ్వాసతో మొదలై మెడ, భుజాలు, పక్కటెముకలు, కటి భాగాలను విడివిడిగా కదిలించే అభ్యాసాల మీదుగా సాగే ఒక పద్ధతిని నిర్మించారు. 1940ల్లో న్యూయార్క్‌లో బడి పెట్టి దాన్ని నేర్పారు.

ఆ పద్ధతిలో ఒక పాఠం ఎలా సాగుతుందో చూస్తే, గంటలో నేర్పేస్తామనే మాట ఎంత బోలుదో తెలుస్తుంది. హైతీలో దంబాలా అనే సర్పదేవత ఎదుట ఆడే యాన్వలూ నృత్యాన్నే తీసుకుందాం. మోకాళ్లు బాగా వంచాలి, మొండెం ముందుకు వాలాలి, పాదాలు నేలను వదలకూడదు. నడుము కింద పుట్టిన అల వెన్నుపూసలను ఒక్కొక్కటిగా దాటుకుంటూ మెడ దాకా పాకాలి. కొత్తగా నేర్చుకునేవారికి ఈ అల సాధారణంగా రెండు భుజాల మధ్య ఆగిపోతుంది. ఆ చోటు వదులు కావడానికే వారాలు పడుతుంది. దానికి తోడు, కాళ్లు ఒక లయను పట్టుకుని ఉండగా భుజాలు మరో లయలో కదలాలి. ఇక బరువంతా నేల మీదకు దించి, వట్టి కాళ్లతో ఆడే నృత్యం కాబట్టి సిమెంటు గచ్చు మీద నేర్పితే ఎదిగే పిల్లల మోకాళ్లూ పిక్కలూ దెబ్బతింటాయి. చెక్క నేల ఉన్న గది అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

అన్నిటికన్నా ముఖ్యం డోలు. నట్టువాంగం లేకుండా, తాళం వేసేవారు లేకుండా కూచిపూడి నేర్పుతామంటే మనం నవ్వుతాం. కరీబియన్ నృత్యంలో ఆ బంధం ఇంకా గట్టిది. యాన్వలూ మన తిశ్రగతిని పోలిన నడకలో మూడు డోళ్ల మీద సాగుతుంది. ఉన్నట్టుండి పెద్ద డోలు ఆ లయను విరుస్తుంది. దాన్ని కాసే అంటారు. ఆ క్షణాన నర్తకి ఒళ్లూ విరగాలి. జమైకాలోని సెయింట్ థామస్ ప్రాంతపు ఆరాధన నృత్యమైన కుమినాలో వాద్యకారుడు డోలును నేల మీద అడ్డంగా పడుకోబెట్టి దానిపై కూర్చుంటాడు, మడమను చర్మానికి నొక్కి స్వరం మారుస్తాడు. వెనక మరొకరు అదే డోలు చెక్క ఒంటి మీద పుల్లలతో వాయిస్తారు. చుట్టూ ఆడేవారు నేలకు ఆనించిన పాదాలతో అంగుళం అంగుళంగా జరుగుతుంటారు. డోలు అడిగితే ఒళ్లు జవాబివ్వాలి, ఒళ్లు అడిగితే డోలు జవాబివ్వాలి. రికార్డు చేసిన పాట ఎవరినీ చూడదు, ఎవరికీ జవాబు చెప్పదు.

ఆ డోలును వలస పాలకులు ఊరికే వదిలిపెట్టలేదు. ట్రినిడాడ్‌లో 1880ల్లో ఆంక్షలు విధించి దాని నోరు నొక్కారు. వెదురు బొంగులతో, ఆ తర్వాత ఇనుప పీపాలతో లయను బతికించుకున్నవారి నుంచే స్టీల్‌పాన్ అనే ఇనుప వాద్యం పుట్టింది. అదే కాలంలో, 1884 అక్టోబరు 30న, శాన్ ఫెర్నాండో దగ్గర మొహర్రం ఊరేగింపుగా డప్పులతో వస్తున్న భారతీయ కూలీలపై కాల్పులు జరిపారు. మద్రాసు రేవు నుంచి కరీబియన్ చెరకు తోటలకు ఓడలెక్కినవారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. డప్పును చావుకూ చాటింపుకూ కట్టేసి, కొట్టేవారిని ఊరి చివర ఉంచిన సమాజం మనది. ఈ చరిత్రను వేరెవరి గొడవగానో చదివే హక్కు మనకు లేదు.

ఆరాధనలో భాగమైన నృత్యాన్ని బడిలో ఎలా నేర్పుతారన్న ప్రశ్న న్యాయమైనదే. జమైకాలో ఆఫ్రికన్ మూలాలున్న మంత్రతంత్రాలపై వచ్చిన 1898 నాటి ఒబియా నిషేధ చట్టం పెంచిపోషించిన భయం, చర్చి పెద్దల అయిష్టం ఇప్పటికీ కొందరు తల్లిదండ్రుల మాటల్లో వినిపిస్తాయి. మా దృష్టిలో జవాబు సూటిగానే ఉంది: పూనకాన్ని అభినయించమని పిల్లలకు చెప్పకూడదు, అది ఆ విశ్వాసాన్నే వెక్కిరించడం అవుతుంది. కదలిక నేర్పాలి, అది ఎవరి గుడిలోదో చెప్పాలి. మూలం దాచిపెట్టి వట్టి వ్యాయామంగా మార్చడం కూడా ఒక రకమైన దొంగతనమే.

ఈ విషయంలో జమైకా చాలా దేశాల కన్నా ముందుంది. 1962లో నృత్యకారుడు, పండితుడు రెక్స్ నెటిల్‌ఫర్డ్ సహ వ్యవస్థాపకుడిగా మొదలైన జాతీయ నృత్య నాటక సంస్థ, కింగ్‌స్టన్‌లోని ఎడ్నా మాన్లీ కళాశాల కలిసి ఈ నృత్యాలు తెలిసిన ఉపాధ్యాయులను తయారుచేశాయి. ఏటా జరిగే ప్రదర్శన కళల పోటీల్లో బడి పిల్లలు కుమినా, డింకీ మినీ ఆడతారు. ఈ పోటీలు లేకపోతే కొన్ని రూపాలు ఈపాటికి ముసలివారితోనే పోయేవి. అయితే పోటీ వేదిక ప్రతిదాన్నీ కొద్ది నిమిషాల అంశంగా, రంగుల దుస్తులుగా కుదిస్తుంది. డింకీ మినీ చావు ఇంట్లో ఆడేది. పోయినవారి కుటుంబం దుఃఖంలో మునిగిపోకుండా రాత్రి తరువాత రాత్రి కావాలని హుషారుగా ఆడతారు. ఆ సంగతి తెలియని పిల్ల న్యాయనిర్ణేతలకేసి చిరునవ్వు విసరడం మాత్రమే నేర్చుకుంటుంది.

కరీబియన్ పరీక్షల మండలి పై తరగతుల్లో నృత్యాన్ని ఐచ్ఛికంగా పెట్టింది. మంచిదే. కానీ కింది తరగతుల్లో వారం వారం సాధన లేకుండా నేరుగా ఆ మెట్టు ఎక్కమంటే ఎక్కేది డబ్బిచ్చి బయట నేర్చుకున్న పిల్లలే. డన్‌హామ్ 1960ల్లో ఇల్లినాయ్‌లోని ఈస్ట్ సెయింట్ లూయిస్‌కు వెళ్లింది పేద పిల్లల కోసం. నృత్యంతో పాటు డోలు, యుద్ధవిద్యల తరగతులూ పెట్టారు. డాన్సు అంటే ముఖం తిప్పుకునే కుర్రాళ్లూ డోలు కోసం వచ్చి కూర్చున్నారు.

కాబట్టి నృత్య కార్యక్రమానికి నిధులు కేటాయించే బడులు, విద్యాశాఖలు జీతాల పట్టికలో గురువు పక్కనే వాద్యకారుడి పేరు చేర్చాలి. అతనికి డిగ్రీ లేదని, ఊళ్లో పెద్దల దగ్గర నేర్చుకున్నాడని వంక పెట్టకూడదు. ఇద్దరికీ డబ్బు చాలకపోతే దుస్తుల ఖర్చు తగ్గించుకోవచ్చు, అవసరమైతే ఒక ఏడాది పోటీలకు వెళ్లకుండా ఆగవచ్చు.