ఊరి ఆదాయం ఎంతో ఎవరికి తెలుసు?

'మీ ఇంటికి నెలకు ఎంత వస్తుంది?' అని పల్లెలో ఓ రైతును అడిగి చూడండి. ఒక అంకె చెప్పలేడు. ఎకరం సొంత వరి, రెండెకరాల కౌలు పత్తి. పత్తి డబ్బులు ఏడాదికి రెండు మూడు విడతల్లో వస్తాయి, అదీ విత్తనాలు, ఎరువులు అరువిచ్చిన దుకాణదారు తన బాకీ పట్టుకున్నాక. పాల బిల్లు పదిహేను రోజులకోసారి. ఇల్లాలికి ఉపాధి కూలి ఎప్పుడు పడుతుందో తెలియదు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు వీలున్నప్పుడు ఫోన్‌పే చేస్తాడు. ఇంట్లో తాగిన పాలు, గాదెలో పోసుకున్న వడ్లు ఏ పద్దులో రాయాలి? ఆయన దాచడం లేదు. తన ఆదాయం ఎంతో నిజంగా ఆయనకే తెలియదు.

దేశవ్యాప్త కుటుంబ ఆదాయ సర్వేను 2026 ఫిబ్రవరి నుంచి చేపడతామని కేంద్ర గణాంక శాఖ 2025లో ప్రకటించింది. ఇలాంటిది ఇదే మొదటిసారి. 1960లలో, మళ్లీ 1983-84లో ప్రయోగాత్మకంగా అడిగి చూశారు. జనం చెప్పిన ఆదాయం వాళ్ల ఖర్చు, పొదుపు కలిపిన మొత్తం కంటే తక్కువగా తేలడంతో ఆ ప్రయత్నాన్ని పక్కన పెట్టేశారు. ఇప్పుడూ దారి సాఫీగా ఏమీ లేదు. 2025 ఆగస్టులో జరిగిన ముందస్తు పరీక్షలో దాదాపు 95 శాతం మంది ఈ ప్రశ్నలు సున్నితమైనవన్నారు. మన పల్లెల్లో అయితే ఆ జంకుకు పేరు కూడా ఉంది: రేషన్ కార్డు. తెలంగాణ గ్రామాల్లో ఏడాదికి లక్షన్నర, ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో నెలకు పది వేలు దాటితే కార్డుకు అర్హత ఉండదు. గుమ్మంలో ట్యాబ్ పట్టుకుని నిలబడ్డ మనిషికి పదకొండు వేలని ఎవరు చెబుతారు? సర్వేలో చెప్పిన వివరాలను గణాంకాలకు తప్ప మరో పనికి వాడకూడదని 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం చెబుతోంది. ఆ మాట ఊళ్లో దండోరా వేసి చెప్పాలన్నది మా మొదటి డిమాండ్.

ఇంతకాలం మనకు ప్రధాన దిక్కు కేంద్రం చేసే వ్యవసాయ కుటుంబాల స్థితిగతుల సర్వే. దాని ప్రకారం దేశంలో వ్యవసాయ కుటుంబం సగటు నెల ఆదాయం 2012-13లో 6,426 రూపాయలు, 2018-19లో 10,218. ఇందులో పంట మీద వచ్చింది 3,798 రూపాయలే. కూలి, జీతాల మీద 4,063 వచ్చింది. రైతు ఇంట్లో సేద్యం కంటే కూలిదే పైచేయి అయిందన్నమాట. తెలుగు రాష్ట్రాల లెక్క ఇంకా విచిత్రం. 2012-13లో తెలంగాణ 6,311తో ముందుంటే, 5,979తో ఆంధ్ర వెనకుంది. ఆరేళ్లకు ఆంధ్ర 10,480కి చేరి, తెలంగాణ 9,403 దగ్గర ఆగింది. ఈ తారుమారులో నిజమెంత, సర్వేకు ఎంచుకున్న ఇళ్ల శాంపిల్ చలవ ఎంత?

పైగా ఇవన్నీ సగటులు. ఒక వీధిలో ఐదిళ్లున్నాయనుకోండి. ఏడాదికి నాలుగిళ్లకు 60 వేలు, 80 వేలు, లక్షా పది వేలు, లక్షా 40 వేలు వస్తే, రైస్ మిల్లున్న ఐదో ఇంటికి 12 లక్షలా 10 వేలు. సగటు తీస్తే ఇంటికి 3 లక్షలా 20 వేలు. నడిమింటి ఆదాయం, అంటే మధ్యగతం, లక్షా పది వేలే. ఊరి బతుకు చెప్పేది ఈ రెండో అంకె. తలసరి ఆదాయంలో రాష్ట్రానికే తలమానికమని రంగారెడ్డి జిల్లాను చెప్పుకుంటున్నాం. గచ్చిబౌలి కంపెనీల ఉత్పత్తి అంతా అందులోదే. అదే జిల్లా యాచారంలో బీడు పడ్డ చేను వాడికి ఆ అంకెతో ఏం పని?

అమెరికాలో 3,100కు పైగా కౌంటీలకు ఏటా మధ్యగత కుటుంబ ఆదాయం అంచనా వేస్తారు. టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలో 2020 జనగణన నాటికి 64 మందే ఉన్నారు, దానికీ అంకె ఉంటుంది. అంత చిన్నచోట సర్వే ఒక్కటే చాలదు కాబట్టి పన్ను రిటర్నులు, ఆహార సాయం రికార్డులు కూడా కలిపి లెక్క కడతారు. జనాభా తక్కువ ఉన్నచోట్ల వాళ్ల మరో పెద్ద సర్వే ఐదేళ్ల జవాబులను పోగేసి గానీ అంకె ఇవ్వదు. 2018-22, 2019-23 అంకెలు పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గిందనకండని వాళ్లే హెచ్చరిస్తారు, రెండింట్లో నాలుగేళ్లు ఒకటే కదా. ప్రతి అంకె పక్కనా ఎంత అటూ ఇటూ కావచ్చో కూడా వేస్తారు. మన అధికారులు నేర్చుకోవాల్సింది ముందుగా ఆ నిజాయితీని. పన్ను రిటర్నుల దారి మాత్రం మనకు పనికిరాదు, సేద్యం మీద ఆదాయానికి పన్నే లేదు మరి.

మనకు ఇంకో తంటా ఉంది. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రలో 13 జిల్లాలను 2022లో 26 చేశారు. పాత మహబూబ్‌నగర్‌ను కొత్త మహబూబ్‌నగర్‌తో పోలిస్తే వచ్చేది ఆదాయంలో మార్పు కాదు, సరిహద్దులో మార్పు. కొత్త సర్వే ఫలితాలను పాత ఉమ్మడి జిల్లాలవారీగా కూడా ప్రకటించాలి. సగటుతో సరిపెట్టకుండా మధ్యగతం ఇవ్వాలి, పట్నాన్నీ పల్లెనూ విడదీసి ఇవ్వాలి. పత్తి డబ్బులొచ్చే నెలలో ఒకసారి, చేతిలో పైసా ఆడని ఆషాఢంలో మరోసారి అదే గడప తొక్కాలి.