పోలీసుల పాత గ్లాక్ పిస్టల్‌ని కళ్ళు మూసుకుని కొనేయొచ్చా?

అమెరికాలో మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "పోలీసులు వాడి పక్కన పెట్టేసిన గ్లాక్ 22లు సగం ధరకే దొరుకుతున్నాయి. నడుముకి పెట్టుకు తిరిగారే తప్ప కాల్చింది లేదు. పోలీసులు వాడారంటే అంతకు మించింది ఉండదు. పోలీసు సరుకు కాబట్టి పేపర్ల గొడవ తక్కువ, వీసా మీదున్నా పర్లేదు. కళ్ళు మూసుకుని కొనేయండి." ఇందులో చవక అన్నమాట నిజం. మిగతావి చూద్దాం.

కాల్చింది లేదా? చాలావాటి విషయంలో నిజమే కావచ్చు. కానీ ట్రైనింగ్ అకాడమీలో వేల తూటాలు కాల్చినదీ అదే పెట్టెలో వస్తుంది, లెక్క రాసిన కాగితం ఏదీ రాదు. సిటిజన్‌షిప్ వచ్చాక నేనూ ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. స్లైడ్ (పిస్టల్ మీద ముందుకీ వెనక్కీ జరిగే ఉక్కు భాగం) మూతి దగ్గర నలుపు పోయి ఉక్కు తెల్లగా మెరుస్తోంది. అది హోల్‌స్టర్ (నడుముకి కట్టుకునే ఒర) రాపిడి, దానికి భయపడక్కర్లేదు. అరచేయి అడ్డం పెట్టి చీకటి చేసి చూస్తే మాత్రం నైట్ సైట్లు, అంటే చీకట్లో గురి చూడ్డానికి మెరిసే చుక్కలు, వెలగలేదు. వాటికి వెలుగునిచ్చే ట్రిటియం సుమారు 12 ఏళ్ళకి సగమైపోతుంది. స్లైడ్ ఊడదీయించి బ్యారెల్, స్లైడ్ జరిగే పట్టాలు చూడాలి, స్లైడ్‌ని వెనక్కి తెచ్చే రీకాయిల్ స్ప్రింగ్ కొత్తది వేయించాలి. కళ్ళు మూసుకుంటే ఇవేవీ కనపడవు.

పోలీసులు వాడారు కాబట్టి మేలైనదా? అసలు అంత చవక ఎందుకైందో చూడండి. 1986లో మయామీ కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయాక, 9 ఎంఎం కంటే గట్టి తూటా కోసం వెతికారు. 1990లో 40 క్యాలిబర్ తూటా వచ్చింది, గ్లాక్ 22 కాల్చేది దాన్నే, డిపార్ట్‌మెంట్లు దానికి ఎగబడ్డాయి. 2010ల మధ్యలో ఎఫ్‌బీఐ మళ్ళీ 9 ఎంఎంకే వచ్చేసింది, మిగతావాళ్ళూ దాని వెనకే వచ్చారు. పాతవి డీలర్లకిచ్చి, కొత్తవాటి బిల్లులో ఆ మేరకు తగ్గించుకున్నారు. అంటే మనకి అమ్ముతున్నది పోలీసులే వద్దనుకున్న క్యాలిబర్. తూటాల ఖరీదు ఎక్కువ, చేతికి తన్నడం ఎక్కువ. మిగిలిందనుకున్న డబ్బు ప్రాక్టీసుకే పోతుంది. దాంతో వచ్చే 15 తూటాలు పట్టే మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో చెల్లదు, అక్కడ పరిమితి 10.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ పేపర్లు, వీసా మాట. ఎవరి పాత తుపాకీ అయినా షాపులో ఫారం 4473 అనే ఫెడరల్ తుపాకీ కొనుగోలు ఫారం నింపాల్సిందే, బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాటాల్సిందే. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చారా అని ఆ ఫారంలోనే అడుగుతారు. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 అన్నీ అందులోకే వస్తాయి. హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే, వీళ్ళు తుపాకీ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. 2022 నుంచి శిక్ష 15 ఏళ్ళ దాకా ఉంది. అబద్ధం రాస్తే అది ఇంకో నేరం. "గ్రీన్‌కార్డున్న బావ పేరు మీద తీసుకుంటే సరి" అని ఒకరు రిప్లై కూడా పెట్టారు. దాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు, బావకీ 15 ఏళ్ళ దాకా పడొచ్చు. తుపాకీ కేసులో దోషిగా తేలితే, గ్రీన్‌కార్డున్నా సరే, దేశం నుంచి పంపించేయొచ్చు.

మొన్న ఎమ్మెస్‌కి వచ్చిన ఒక కుర్రాడు షాపు అడ్రస్ అడిగాడు. అడ్రస్ ఇవ్వకుండా ఫోన్‌లో ఆ ఫారం తెరిచి వీసా ప్రశ్న చూపించాను. రెండుసార్లు చదివాడు. "మెసేజ్‌లో ఇది లేదే అన్నా" అన్నాడు.