కేస్కర్ గారి పటం కట్టించండి

హైదరాబాదులో ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు నడిపే పెద్దలందరికీ ఒక విన్నపం. ఇకనైనా మీ మీ స్టూడియోల్లో బాలకృష్ణ విశ్వనాథ్ కేస్కర్ గారి పటం కట్టించి, రోజూ ఒక దండ వెయ్యండి. పూలు దండగ అనుకుంటే ప్లాస్టిక్ దండ అయినా పర్లేదు. వేసిందే వెయ్యడం మీకు కొత్తేమీ కాదు కదా.

ఎవరీ కేస్కర్ అంటారేమో. 1952 నుంచి పదేళ్ల పాటు కేంద్రంలో సమాచార ప్రసార శాఖ మంత్రి. పారిస్‌లో డాక్టరేట్ చేసొచ్చిన మరాఠీ పండితుడు. శాస్త్రీయ సంగీతమంటే చెవి కోసుకునే మనిషి. ఇలాంటి వాళ్లతో ఒకటే చిక్కు, తమ చెవితో ఆగరు, మన చెవి కూడా అడుగుతారు. సినిమా పాటలు విని విని జనం అభిరుచి నేలకి దిగిపోతోందని ఆయనకి బెంగ పట్టుకుంది. రేడియోలో సినిమా పాటలకి నూటికి పది వంతుల కంటే ఎక్కువ టైము ఇవ్వొద్దన్నారు. వేసే ఆ కాసిని పాటలకైనా సినిమా పేరు చెప్పొద్దన్నారు. చెబితే నిర్మాతకి ఉచితంగా పబ్లిసిటీ ఇచ్చినట్టట. నిర్మాతలకి ఒళ్లు మండి, అసలు మా పాటలే ముట్టుకోవద్దు పొమ్మన్నారు. అలా పది వంతులు కాస్తా సున్నాకి వచ్చాయి.

మరి జనం బాగుపడ్డారా? రేడియో ముల్లు పక్కకి తిప్పారు. సముద్రం అవతల, ఇప్పటి శ్రీలంకలో, రేడియో సిలోన్ వాళ్ల దగ్గర యుద్ధకాలంలో సైన్యం కోసం పెట్టిన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఉండనే ఉన్నాయి. మన పాటలు మనకే వినిపించి, మధ్యలో మన పళ్లకి పేస్టు అమ్ముకున్నారు. అమీన్ సయానీ హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా అక్కడ మొదలైంది సరిగ్గా ఆ 1952లోనే. తెలుగు పాటలకీ అక్కడ కాస్త చోటుండేది. మా నాన్న ఆ అలవాటు చాలా కాలం మానలేదు. షార్ట్‌వేవ్‌లో పల్లవి ఒడ్డున కూర్చున్నట్టు స్పష్టంగా వచ్చేది, చరణానికి వచ్చేసరికి నీళ్లలో మునిగేది, మళ్లీ ఎక్కడో తేలేది. ఆ మునిగిన ముక్కల్ని నాన్న తన గొంతుతో పూరించేవాడు. అవి విన్నప్పుడు మాత్రం కేస్కర్ గారి బాధ నాకు కొంత అర్థమయ్యేది.

అయిదేళ్లు బిగుసుకు కూర్చుని, చివరికి 1957 అక్టోబరు 3న ప్రభుత్వమే వివిధభారతి అని పెట్టి సినిమా పాటలకి తలుపు తీసింది. ఇంకో పదేళ్లకి ప్రకటనలకీ తీసింది. నిజం చెప్పాలంటే కేస్కర్ గారి పట్టుదల మనకి పూర్తిగా నష్టమేమీ కాదు. సినిమా పాట ఖాళీ చేసిన చోట లలిత సంగీతం వచ్చి కూర్చుంది. పాటలు కట్టే బాలాంత్రపు రజనీకాంతరావు గారు, రాసే దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు ఆకాశవాణి వైపే ఉన్నారు. విజయవాడ కేంద్రం 'ఈ మాసపు పాట' అని ఒకే పాటని నెలంతా వినిపించేది, జనం నేర్చుకుంటారని. అప్పుడు నెలకి ఒక పాట. ఇప్పుడు గంటకి ఒక పాట, కాకపోతే అదే పాట.

నా వంతు చరిత్ర 1980ల్లో, 15 పైసల పోస్టుకార్డుతో మొదలవుతుంది. కోరిన పాటల కార్యక్రమానికి కార్డు రాయడం మా ఇంట్లో ఎన్నికల వ్యవహారం. ఏ పాట అన్నదాని మీద ఎప్పుడూ గొడవ రాలేదు. గొడవంతా ఎవరి పేరు ముందుండాలన్న దాని మీదే. ఇంట్లో ఉండేది అయిదుగురం, కార్డు మీద పదకొండు పేర్లు. కాపరానికి వెళ్లిపోయిన పిన్ని, ఇంకా నామకరణం కాని చంటాడు, పాలు పోసే అప్పారావు, అందరూ కలిసి ఆ పాట కోరినవాళ్లే. పాట పేరు రాయడానికి చోటు చాలక అడ్రసు పక్కన సన్నటి అక్షరాలతో ఇరికించేవాళ్లం. ఊరు తరవాత ఊరు, పేరు తరవాత పేరు, అనౌన్సరు ఊపిరి బిగబట్టి చదువుకుంటూ వెళ్లేవారు. పేర్లు అయ్యాక మిగిలిన టైములో పాట వచ్చేది. రెండో చరణం తెగిపోయినా ఎవరికీ బాధ ఉండేది కాదు. చరణం ఎక్కడైనా దొరుకుతుంది, మన పేరు ఆకాశంలో ఎక్కడ దొరుకుతుంది?

మా పేర్లు ఎట్టకేలకి చదివిన రోజు మా వీధిలో కరెంటు లేదు. ట్రాన్సిస్టర్ బ్యాటరీలు నాలుగు రోజులుగా ఎండలో ఆరుతున్నాయి, ఎండబెడితే మళ్లీ పనిచేస్తాయని ఆ రోజుల్లో గట్టి నమ్మకం. పక్కింటి మామ్మగారు గోడ మీంచి తల పెట్టి, "ఒరే, మీ పేర్లు చదివార్రా! పాట మాత్రం నాకు నచ్చలేదు" అని చెప్పి వెళ్లిపోయింది. ఒక శ్రోత సొంత అభిప్రాయం మీద రేడియో పాటని తిరస్కరించడం నేను చూడటం అదే ఆఖరు.

ప్రైవేటు ఎఫ్ఎం అన్నది దేశంలో 2001లో బెంగళూరులో మొదలైంది. మన హైదరాబాదుకి ఆ భాగ్యం 2006లో కలిగింది. ఇక పోస్టుకార్డులుండవు, పెద్దమనిషి గొంతులుండవు, ఇష్టమొచ్చిన పాట వినొచ్చు అని సంబరపడ్డాం. మొదటి రెండూ నిజమయ్యాయి.

మా పెద్దక్క కొడుకు అలాంటి ఒక స్టేషన్లో పాటల వరస చూసే ఉద్యోగం చేస్తున్నాడు. స్టేషన్ పేరు చెప్పను, వాడికింకా పెళ్లి కావాలి. ఓ రోజు వాడి ఆఫీసుకి వెళ్తే కంప్యూటర్లో ఒక గుండ్రటి బొమ్మ చూపించాడు. దాన్ని క్లాక్ అంటారట. గంటని అట్టు కోసినట్టు ముక్కలుగా కోసి పెట్టారు. ఈ ముక్క ప్రకటనలకి, ఈ ముక్క ఆర్జే మాటలకి, ఈ సన్న ముక్క స్టేషన్ పేరు అరవడానికి. మిగిలిన వాటిలో పాటలు. పాటలకీ కులాలున్నాయి. కొత్త హిట్లు రెండు మూడు గంటలకోసారి తిరిగొస్తాయి. కాస్త పాతబడ్డవి రోజుకోసారి. ఇంకా పాతవి రాత్రి, అందరూ పడుకున్నాక.

"ఇదంతా నువ్వే చేస్తావురా?" అన్నాను, గర్వంగా.

"సాఫ్ట్‌వేర్ చేస్తుంది మావయ్యా."

"మరి నువ్వు?"

"అది చేసింది చూస్తా."

ఏ పాట ఏ కులమో ఎవరు తేలుస్తారని అడిగాను. రీసెర్చ్ అన్నాడు. ఆ మాట వినగానే కుర్చీలో సర్దుకు కూర్చున్నాను. మనుషులకి ఫోన్ చేసి ఒక్కో పాటలోంచి ఎనిమిది, పది సెకన్ల ముక్క వినిపిస్తారట. దాన్ని హుక్ అంటారు. ఈ పాట తెలుసా, నచ్చిందా, విని విని విసుగొచ్చిందా అని అడిగి మార్కులు వేస్తారు. విసుగు మార్కుకి వాళ్లలో ఒక పేరు కూడా ఉంది, బర్న్. అంటే మీకు ఫలానా పాట మీద ఎంత వెగటు పుట్టిందో కొలవడానికి ఈ వృత్తిలో ఒక తూనిక ఉందన్నమాట. కవులకి, గాయకులకి దక్కని గౌరవం ఇది. మనకి వెగటు పుట్టించడమే కాక, ఎంత పుట్టిందో ఫోన్ చేసి మరీ కనుక్కుంటున్నారు.

"బర్న్ పెరిగితే పాట ఆపేస్తారా?"

"జనం విసుగొచ్చిందంటారు మావయ్యా, కానీ అదొస్తే స్టేషన్ మార్చరు. తెలియని పాట వేస్తే మారుస్తారు."

ఇది వాడి సొంత తెలివి కాదు. ఈ శాస్త్రానికి మూలపురుషుడు అమెరికాలో, ఒమాహా అనే ఊళ్లో ఉండేవాడు. పేరు టాడ్ స్టోర్జ్. 1950ల నాటి ముచ్చట. హోటల్లో కూర్చుని చూస్తుంటే, జ్యూక్‌బాక్సులో ఇన్ని పాటలుండగా వచ్చిన వాళ్లంతా మళ్లీ మళ్లీ అవే వేస్తున్నారట. అంతా వెళ్లిపోయాక, పొద్దున్నించీ అవే విన్న వెయిట్రెస్ కూడా తన సొంత చిల్లర వేసి ఆ పాటే పెట్టిందని చెప్పుకుంటారు. ఆ అమ్మాయికి ఆ పాటతో ఏం బంధం ఉందో ఎవరూ అడగలేదు. ఆమె వేసిన ఆ బిళ్లతో ప్రపంచమంతా టాప్ 40 రేడియో, అంటే కొద్దిపాటి హిట్లనే తిప్పి తిప్పి వేసే రేడియో, నడుస్తోంది. నాకైతే ఆమె పడుకోబోయే ముందు ఒక్కసారైనా దాన్ని మనుషుల గోల లేకుండా వినాలనుకుందేమో అనిపిస్తుంది. సరే, నేను మార్కెటింగ్ చదవలేదు.

మొన్న ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా క్యాబ్‌లో వెళ్తూ ఈ శాస్త్రాన్ని స్వయంగా పరీక్షించాను. దిల్‌సుఖ్‌నగర్ దాటుతుంటే ఒక పాట వచ్చింది, మందు కొట్టినవాడు నాలుగు మాటలు మర్చిపోయి రెండే గుర్తుంచుకుంటే ఎలా ఉంటుందో అలాంటి పాట. లక్డీకాపూల్ దగ్గర అదే. డ్రైవరు స్టేషన్ మార్చాడు. అక్కడా అదే, కాకపోతే చరణంలో ఉంది. "గంట కింద కూడ గిదే ఏసిండు సార్" అన్నాడు నిట్టూరుస్తూ. అని, వాల్యూం పెంచాడు. నేను ఒమాహా వైపు తిరిగి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

పాట అయ్యాక ఆర్జే వచ్చింది. "హాయ్ హలో గైస్, బయట సూపర్ వర్షం, అమీర్‌పేట్‌లో ఫుల్ ట్రాఫిక్, చిల్ అవ్వండి" అంది. మేం అప్పుడు అమీర్‌పేట్‌లోనే ఆ ట్రాఫిక్‌లోనే ఉన్నాం. ఆ పిల్లని తప్పుపట్టను. మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎంకి సొంతంగా వార్తలు చెప్పే హక్కు లేదు. కావాలంటే ఆకాశవాణి వార్తల్ని అక్షరం మార్చకుండా వినిపించుకోవచ్చు. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు, నీళ్లు ఎప్పుడొస్తాయి, ఇవి వార్తలు కావని ప్రభుత్వం వారి నిర్వచనం. ఆ నల్లా ఎప్పుడొస్తుందో వార్త కాదని రాసినవారు ఏ కాలనీలో ఉంటారో గానీ, వాళ్ల పుణ్యమాని నగరంలో ఏం జరుగుతున్నా ఆర్జేకి మాట్లాడటానికి మిగిలేది వాన, ట్రాఫిక్, ప్రేమ. వాన ఉదయం, ట్రాఫిక్ సాయంత్రం, ప్రేమ రాత్రి పది దాటాక.

ఇప్పుడు లెక్క చూడండి. కేస్కర్ గారు సినిమా పాట తగ్గించాలనుకున్నారు. చేతిలో మంత్రి పదవి ఉంది, దేశంలోని రేడియో స్టేషన్లన్నీ ఉన్నాయి. అయిదేళ్లలో ఓడిపోయారు. కారణం, పైకి చెప్పి చేశారు. ఈ ఎఫ్ఎంల వాళ్లు నిషేధం అన్న మాటే ఎత్తకుండా, నవ్వుతూ, 'మీ ఫేవరెట్ స్టేషన్' అంటూ, తొంభై ఏళ్లు దాటిన తెలుగు సినిమా పాటల సముద్రాన్ని ఒక్క చెంబులోకి దించేశారు. ఘంటసాల గారు జయంతికోసారి, వర్ధంతికోసారి వస్తారు, తద్దినం బ్రాహ్మడిలాగా. సినిమా పేరు చెప్పొద్దని కేస్కర్ గారంటే నిర్మాతలు యుద్ధానికి దిగారు. వివిధభారతిలో 'రచన ఫలానా, సంగీతం ఫలానా, పాడినవారు ఫలానా' అని ఒక్కో పేరూ పట్టి పట్టి చెప్పేవాళ్లు, చంద్రబోస్ అయినా సముద్రాల అయినా సరే. ఇప్పుడు రాసిందెవరో, కట్టిందెవరో చెప్పే దిక్కు లేదు. ఒక్కరూ ఇదేమని అడగలేదు. పేర్లు చదవడం అంటే ఎంత బలమైన విషయమో పోస్టుకార్డు రాసిన మాలాంటి వాళ్లకి తెలుసు గనక చెబుతున్నాను.

అందుకే పటం అంటున్నాను. ఆయన మొదలుపెట్టి పూర్తి చెయ్యలేకపోయిన పని మీ చేతుల మీదుగా పూర్తయింది. కృతజ్ఞత ఉండాలి.

ఈ సంగతే మా మేనల్లుడికి ఫోన్ చేసి చెప్పాను. మీ బాసుతో మాట్లాడరా, రిసెప్షన్లో ఆ ప్లాస్టిక్ మొక్క పక్కన ఖాళీ ఉంది, కేస్కర్ గారి పటం పెట్టండి, కావాలంటే నేనే ఫ్రేము కట్టించి పంపిస్తా అన్నాను. వాడు శ్రద్ధగా విన్నాడు. కీబోర్డు టకటక వినిపించింది. వెతుకుతున్నాడు.

"ఆయన పాటలేవీ మన లిస్టులో లేవు మావయ్యా."