సముద్రం చవకే, గట్టు మీదే ప్రియం

పోయిన ఎండాకాలం నెల్లూరు ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు చెక్కపెట్టె దింపారు. పొడవు 110 సెంటీమీటర్లు, వెడల్పు 80, ఎత్తు 70. లోపల థాయిలాండ్ నుంచి వచ్చిన ఆటోమేటిక్ గేర్‌బాక్స్. పెట్టెతో కలిపి 115 కిలోలు. బండి మా బావది. దాన్ని తయారుచేసిన కంపెనీ మన దేశంలో ఆ పని ఎప్పుడో మానేసింది. ఇక్కడ దొరుకుతుందేమోనని నాలుగు నెలలు చూసి, విసిగి, బయటి దేశం నుంచి తెప్పించుకున్నాడు. మేకులు పీకుతూ మెకానిక్ అడిగాడు: "ఏంది సామీ, ఓడ చార్జీనే దండిగా అయ్యుంటదే?" బావ ఏమీ అనకుండా బిల్లుల కట్ట చేతిలో పెట్టాడు. అందులో ఓడకు కట్టిందే అన్నిటికన్నా చిన్న అంకె.

బావలాంటి వాళ్లు మన జిల్లాలో తక్కువేం లేరు. 2017 చివరికి షెవ్రోలే అమ్మకాలు ఆగాయి. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు చెప్పింది. బండ్లు మాత్రం రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. చిన్న సామాన్లు ఎలాగో దొరుకుతాయి. గేర్‌బాక్స్, యాక్సిల్, సిలిండర్ హెడ్ లాంటి బరువైనవి పోతేనే అసలు టెన్షన్. అప్పుడు అందరూ ఒకటే మాట అంటారు: "అంత బరువు అక్కడ్నుంచి రావాలంటే ఎంతవుద్దో!"

ఈ బరువు భయం చాలావరకు మనం ఊహించుకున్నదే. రవాణా వాళ్లు తూకంతో పాటు పెట్టె ఎంత చోటు తింటుందో కూడా లెక్కేసి, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, విమాన కార్గో వాళ్లు మామూలుగా 6000తో భాగిస్తారు, కొరియర్ వాళ్లు 5000తో. బావ పెట్టెకు కార్గో లెక్కలో 103 కిలోలు వస్తుంది కాబట్టి అసలు తూకమైన 115కే చార్జీ. అదే కొరియర్‌లో అయితే 123 కిలోలకు కట్టాలి. ఇప్పుడు ఒక బంపర్ తీసుకోండి. తూకం ఆరు కిలోలే. 180, 60, 50 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పెడితే కార్గోలో 90 కిలోలు, కొరియర్‌లో 108 కిలోలు అవుతుంది. నాలుగు బ్రేక్ డిస్కులు 40 కిలోలుంటాయి గానీ చిన్న పెట్టెలో ఇమిడిపోతాయి, ఆ 40కే డబ్బు. చేత్తో ఎత్తగలిగే బంపర్, ఇద్దరు మోసే గేర్‌బాక్స్‌కు దగ్గరగా వచ్చేస్తుందన్నమాట.

ఓడలో అయితే బరువు గొడవ ఇంకా తక్కువ. పంచుకునే కంటెయినర్‌లో ఒక ఘనపు మీటరును వెయ్యి కిలోలతో సమానంగా చూస్తారు. బావ పెట్టె 0.616 ఘనపు మీటరు. అయినా కనీస చార్జీ ఒక ఘనపు మీటరుకు ఉంటుంది కాబట్టి, 115 కిలోలున్నా 600 కిలోలున్నా అదే డబ్బు. చీమకుర్తి గ్రానైట్ వ్యాపారులకు ఇది కొత్త సంగతి కాదు. గెలాక్సీ రాయి ఘనపు మీటరు మూడు టన్నులకు అటూఇటూ తూగుతుంది. 20 అడుగుల కంటెయినర్‌లో చోటు 33 ఘనపు మీటర్లుంటే, తొమ్మిది పది ఘనపు మీటర్ల రాయి వేసేసరికే బరువు పరిమితి అయిపోతుంది. మిగతాదంతా గాలే. ప్రకాశం జిల్లా కొండల్ని టన్నులకొద్దీ ఓడలకెక్కిస్తున్న మనం, క్వింటాల్‌కు కాస్త ఎక్కువున్న ఇనుప ముక్కను రప్పించుకోవడానికి జంకుతున్నాం.

మరి ఖర్చంతా ఎక్కడయింది? రేవులో, కాగితాల్లో. పంచుకున్న కంటెయినర్‌ను విప్పే గోడౌన్ చార్జీ, సరుకు మనకివ్వమని రాసిచ్చే డెలివరీ ఆర్డర్ చార్జీ, కస్టమ్స్ బ్రోకర్ ఫీజు, హమాలీ, చెన్నై నుంచి నెల్లూరుకు 175 కిలోమీటర్ల లారీ కిరాయి. వీటిలో చాలావరకు పెట్టెలో ఒక్క బోల్టున్నా, పది గేర్‌బాక్సులున్నా పెద్దగా మారవు. విదేశంలో అమ్మినవాడు చెప్పిన "ఓడ రేటు"లో ఇవేవీ ఉండవు. అది చెన్నై రేవు దాకానే. చవగ్గా ఉందని మురిసిపోయేది అక్కడే.

ఈ మాటెత్తితే నెల్లూరులో ఎవరైనా వెంటనే కృష్ణపట్నం గురించి అడుగుతారు. ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో పోర్టు పెట్టుకుని చెన్నై పోవడమేంటని. అడగాల్సిందే. అక్కడి కంటెయినర్లు తమిళనాడు రేవులకు తరలిపోతున్నాయని 2024 మొదట్లో పెద్ద గొడవే జరిగింది. రొయ్యలు, మిర్చి ఎగుమతి చేసేవాళ్లకు అది నిజమైన దెబ్బ. కానీ ఒంటి గేర్‌బాక్స్ తెచ్చుకునేవాడికి దానివల్ల పెద్ద తేడా ఉందని నేననుకోను. నలుగురి సరుకు కలిపి కంటెయినర్ నింపే ఏజెంట్లు, దాన్ని విప్పి పంచే గోడౌన్లు ఉన్నచోటికే ఇలాంటి పెట్టె వస్తుంది. ఆ వ్యాపారం చెన్నైలో ఏళ్ల తరబడి పాతుకుపోయి ఉంది. రేపు కృష్ణపట్నంలో కంటెయినర్ ఓడలు వరసకట్టినా, మన పెట్టె మద్రాసు మీదుగానే వస్తుంది.

పన్ను సంగతి. కస్టమ్స్ పట్టికలో వాహన భాగాల పద్దు 8708. అందులో ఎక్కువ వాటికి కస్టమ్స్ సుంకం 15 శాతం. ఆ సుంకం మీద 10 శాతం సర్‌చార్జి. సరుకు విలువకు ఈ రెండూ కలిపి, ఆ మొత్తం మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి సరుకుపై వేసే జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాలన్నీ 18 శాతంలోకి వచ్చాయి. అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. రేవు చేరేసరికి సరుకు విలువ లక్ష అనుకుంటే, పాత లెక్కలో 49,120 రూపాయలు కట్టాల్సింది, ఇప్పుడు 37,470. ఇందులో ఐజీఎస్టీ 20,970. జీఎస్టీ నంబరున్న షెడ్డు దీన్ని తన పన్నులో తగ్గించుకోగలదు, బావలాంటి మామూలు మనిషికి ఆ వీలు లేదు. సొంత వాడకానికి పోస్టులోనో విమానంలోనో తెచ్చుకునే సరుక్కి 9804 అని వేరే పద్దు కూడా ఉంది. తనది ఏ పద్దులో వేస్తారో బ్రోకర్‌ను ముందే అడిగి రాయించుకోవాలి.

ఎవరూ చెప్పని చిన్న విషయం ఇంకొకటి. సుంకం వేసేది సరుకు ధర, రవాణా, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద. రవాణా రసీదు చూపించకపోతే సరుకు ధరలో 20 శాతాన్ని రవాణా కింద కస్టమ్స్ వాళ్లే వేసుకుంటారు. ఓడలో తెప్పించిన ఖరీదైన పార్టుకు అసలు రవాణా అంతకన్నా చాలా తక్కువ అవుతుంది. ఒక్క కాగితం లేక ఎక్కువ కట్టడమే ఇది. విమానంలో తెస్తే చార్జీ ఎంతయినా, సుంకం లెక్కకు ఆ 20 శాతం దాటనివ్వరు.

బావకు అసలు దెబ్బ వీటిలో దేనివల్లా కాదు, పేరు వల్ల తగిలింది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఇన్‌వాయిస్‌లో ఒక్క అక్షరం, చుక్క. ఆ ఇద్దరూ ఒకరేనని తేల్చేసరికి ఓడ వచ్చేసింది. సరుకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం, బిల్ ఆఫ్ ఎంట్రీ, ఓడ చేరడానికి ముందురోజుకే వేయాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆ తర్వాత రోజుకు 10,000. బావకు నాలుగు రోజులయింది. ఇంటిపేరు 25,000 రూపాయలు.

ఇంకో తప్పూ చేశాడు. ఆసియాన్ దేశాలతో మనకు 2010 నుంచి వాణిజ్య ఒప్పందం ఉంది. థాయిలాండ్‌లో తయారైనట్టు అక్కడి ప్రభుత్వం ఇచ్చే మూల ధ్రువపత్రం వస్తే, జాబితాలో ఉన్న వస్తువులకు సుంకం బాగా తగ్గుతుంది. అమ్మేవాణ్ని అడగాలని బావకు తెలియలేదు, వాడూ చెప్పలేదు. అలాగే దుబాయ్ గోడౌన్‌లో కొన్నంత మాత్రాన పార్టు దుబాయ్ సరుకైపోదు. యూఏఈ ఒప్పందం రాయితీ అక్కడ తయారైనవాటికే.

గల్ఫ్‌లో ఉన్న తమ్ముడో బావమరిదో షార్జాలో సగం ధరకు పాత గేర్‌బాక్స్ చూశానని ఫోన్ చేయడం మన దగ్గర మామూలే. ఆ ఆశ పెట్టుకోవద్దు. యంత్రసామగ్రి లాంటివి కాక మిగతా పాత వస్తువుల దిగుమతికి కేంద్రం విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ అనుమతి ఉండాలి. అది లేకుండా వచ్చిన సగం ధర సరుకు రేవులోనే ఇరుక్కుంటుంది.

నన్నడిగితే, చవగ్గా తెచ్చే దారి ఒకటే, కలిసి తేవడం. ఆటోనగర్‌లో ఆరు షెడ్లు కలిసి, వాళ్లలో ఒకరి ఐఈసీ (దిగుమతి, ఎగుమతి కోడ్) నంబరు మీద మూడు నెలలకోసారి ఆర్డర్ వేస్తే ఓడ చార్జీ కొంత పెరుగుతుంది. బిల్ ఆఫ్ ఎంట్రీ ఒకటే, డెలివరీ ఆర్డర్ ఒకటే, చెన్నై నుంచి లారీ ఒకటే. ఈ రేవు, కాగితాల ఖర్చులు 40,000 అయ్యాయనుకుంటే తలకు ఏడు వేలు పడదు. సొంత వాడకం పేరు చెప్పి నలుగురి సరుకు తెస్తే మాత్రం కుదరదు, అది వ్యాపారమే అవుతుంది.

ఇంత తేలికైతే ఇప్పటిదాకా ఎందుకు చేయలేదు? ఈ ప్రశ్న మెకానిక్‌నే అడిగాను. "డబ్బు ఎవరి దగ్గర పెట్టాల? తప్పు పార్టు వస్తే ఎవరు మింగాల?" అన్నాడు. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. చాసిస్ నంబరు పెట్టి పార్టు నంబరు సరిచూసుకోవడం, తెచ్చిన షెడ్డుకు కమీషన్ ముందే మాట్లాడుకోవడం, ఇంతవరకే చెప్పగలిగాను. ఆయన సరేననలేదు, కాదనీ అనలేదు. గేర్‌బాక్స్‌లో చుక్క ఆయిల్ లేకుండా పంపారా అని వేలు పెట్టి చూసుకుంటున్నాడు.

ఆ పెట్టె చెక్కలు ఇప్పుడు ఆ షెడ్డులో పానాలు పెట్టుకునే అర అయ్యాయి. వేడిచేసి పురుగు చంపిన చెక్క అని తెలిపే గోధుమ కంకి ముద్ర ఒక పలక మీద ఇంకా కనిపిస్తుంది. దాని పక్కనే మెకానిక్ సుద్దముక్కతో మూడు బండ్ల నంబర్లు రాసుకున్నాడు. మూడింటికీ గేర్‌బాక్సే కావాలంట.